కోర్ బాక్సుల్లో రాళ్లు పేర్చి "డీప్ టైమ్" అంటే ఆర్ట్ అయిపోతుందా?

ఉత్తచేతులు
మొన్న ఆదివారం ఫ్రెండ్ ఒకడు లాక్కెళ్తే ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్లా. భూమి, కాలం, మనిషి అని పెద్ద టాపిక్, డీప్ టైమ్ అట, అంటే భూమి గడిపిన కోట్ల ఏళ్ల కాలం. మొదటి హాల్లో నేలమీద పొడుగాటి చెక్క ట్రేలు, నలభై ఉన్నాయి, లెక్కపెట్టా. వాటిల్లో బోరు వేసినప్పుడు బయటికి తీసే గుండ్రటి రాతి కడ్డీలు, కోర్ అంటారట, అన్నీ బూడిద రంగే. చివరి ట్రేలో చివరి ముక్క మీద అంగుళం మేర ఎర్ర రంగు పూశారు. అది మనమట, మానవజాతి. గోడమీద ఒక కాగితం, "మనకు ముందున్న మౌనంతో సంభాషణ" అని. నాతో ఏ రాయీ సంభాషించలేదు, మోకాళ్లు మాత్రం మాట్లాడాయి.

రెండో గదిలో ఆకాశం నుంచి తీసిన గనుల ఫోటోలు, తివాచీల్లా అందంగా ఉన్నాయి. మూడో గదిలో తొట్టిలో ఒక ఐసు దిమ్మ కరుగుతోంది, పక్కన ఒకాయన మాప్ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. అంతే.

నాకు ఆర్ట్ తెలీదు, ఒప్పుకుంటా. కానీ ఇది పాఠమైతే పుస్తకంలో ఇంతకన్నా బాగుంటుంది కదా, ఆర్టయితే మరి నాకేమీ ఎందుకు అనిపించలేదు? పైగా బయటికొచ్చేటప్పుడు అందరూ ఏదో తప్పు చేసినట్టు మొహాలు పెట్టుకుని వస్తున్నారు, నేను కూడా పెట్టా, మొహమాటానికి. ఇలాంటివి చూసి నిజంగా కదిలినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఏం చూసి?

గాలిపటం77
మాప్ పట్టుకున్నాయనే అసలు ఆర్ట్ అయ్యుంటుంది, నువ్వు కనుక్కోలేదు

లెక్కలమాస్టారు
ట్రేకి ఎన్ని వరసలో చెప్పలేదు. ఐదు వరసలు, వరసకి మీటరు అనుకుందాం. 40 ట్రేలకి 200 మీటర్లు. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. అంటే మీటరుకి 2 కోట్ల 27 లక్షల ఏళ్లు, మిల్లీమీటరుకి 22,700. మన జాతి పుట్టి దాదాపు 3 లక్షల ఏళ్లు, అంటే 13 మిల్లీమీటర్లు. అంగుళం అంటే 25 కాబట్టి ఆర్టిస్టు మనకి దాదాపు రెట్టింపు రాసిచ్చాడు. ఇక ఫ్యాక్టరీలు మొదలైన దగ్గర్నుంచి ఓ 250 ఏళ్లు వేసుకుంటే మిల్లీమీటరులో తొంభయ్యో వంతు. వెంట్రుక కన్నా చాలా సన్నం. అంత సన్నగా రంగు పూయడం ఏ కుంచె వల్లా కాదు.

గాలిపటం77
మాస్టారూ మీరు వెళ్లుంటే కొలిచి టికెట్ డబ్బులు వెనక్కి అడిగేవారు

కోర్‌లాగర్
నా ఉద్యోగమే అది. పదకొండేళ్లుగా కోర్ బాక్సుల ముందు వంగి కూర్చుంటున్నా, నడుం ఎక్స్‌రే చూస్తే ఏ డాక్టరైనా చెప్తాడు.

మాస్టారి లెక్కలో తప్పులేదు గానీ రాయి స్కేలు పెట్టుకుని పెరగదు. ఒక్క వరదకి ఒక్క రోజులో జానెడు ఇసుక పడొచ్చు, దానిమీద గోరు మందం బురద పేరుకోడానికి వేల ఏళ్లు పట్టొచ్చు. అంతకన్నా పెద్ద సంగతి, రెండు పొరల మధ్య అసలు లేని కాలం. పేరుకున్నది కొట్టుకుపోయి, మళ్లీ కొత్తగా పేరుకోవడం మొదలైతే మధ్యలో కోట్ల ఏళ్లు గల్లంతు. దాన్ని మేం అన్‌కన్‌ఫార్మిటీ అంటాం. స్కాట్లాండ్ తీరంలో సికార్ పాయింట్ అని ఉంది, కింద పాత పొరలు పుస్తకాలు నిలబెట్టినట్టు నిటారుగా లేచి ఉంటాయి, వాటి మీద ఎర్ర ఇసుకరాయి కాస్త వాలుగా పడుకుని ఉంటుంది. రెండూ కలిసే గీత మీద వేలు పెట్టొచ్చు. ఆ గీతలో సుమారు 6.5 కోట్ల ఏళ్లు లేవు. 1788లో జేమ్స్ హటన్ అనే జియాలజిస్టు పడవేసుకుని వెళ్లి చూసింది దాన్నే. వెంట వెళ్లిన స్నేహితుడు ప్లేఫేర్, అంత లోతు కాలంలోకి చూస్తే తల తిరిగినట్టయిందని తర్వాత రాశాడు. ఆయనకి గోడమీద కాగితం ఎవరూ అంటించలేదు.

ఉత్తచేతులు, ఒక డౌటు. ఎర్ర ముక్క చివరి ట్రేలో ఉందన్నావు. మేం కోర్‌ని పుస్తకంలా పేరుస్తాం, ఎడమ నుంచి కుడికి, పై వరస నుంచి కింది వరసకి. మొదటి బాక్సులో నేలకి దగ్గరి రాయి, పోనుపోను లోతుది. మనం ఉండాల్సింది మొదటి బాక్సులో. తిరగేసి పేర్చాడన్నమాట. బాక్సుల మీద నంబర్లు ఉన్నాయా?

ఉత్తచేతులు
ఉన్నాయి, మార్కర్‌తో రాసి. స్టాకు నంబర్లేమో అనుకుని వదిలేశా

కోర్‌లాగర్
స్టాకు నంబర్లు 😭 అవి లోతులు బ్రదర్. మీటర్లలో.

సుత్తీ_ఉలీ
తిరగేయడం కావాలని చేసుంటాడు, లోపలికొచ్చేవాడు పాత కాలం నుంచి నడుచుకుంటూ మన దాకా రావాలని. ఆ మాత్రం స్వేచ్ఛ ఇవ్వండి. నేను రాయి చెక్కి బతికేవాణ్ణి, ఇలాంటి షోలు చాలా చూశా, పదింట్లో ఏడు బోరే. కాగితం చదివితే తప్ప అర్థం కాని పని నాకూ పడదు. కానీ ఈ ఒక్క హాలు చూసి మొత్తం దారినే కొట్టిపారేయకు.

స్పైరల్ జెట్టీ సంగతి చూడు. 1970లో రాబర్ట్ స్మిత్‌సన్ అనే ఆర్టిస్టు అమెరికాలో యూటాలోని గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డున నల్ల బసాల్ట్ రాళ్లూ మట్టీ ట్రక్కుల్తో పోయించి, నీళ్లలోకి 1,500 అడుగుల పొడవున సుడిలా చుట్టించాడు. అప్పుడు సరస్సు మట్టం బాగా తక్కువుంది. కొన్నేళ్లకే నీళ్లు పెరిగి మొత్తం మునిగిపోయింది, ఓ ముప్పై ఏళ్లు దాదాపుగా నీళ్లకిందే. ఆయన 1973లో విమానం కూలి పోయాడు. 2002లో కరువొచ్చి నీళ్లు తగ్గితే జెట్టీ మళ్లీ తేలింది, నల్లగా దిగిన రాయి ఒళ్లంతా ఉప్పు పట్టి తెల్లగా. ఇప్పుడు నీళ్లు ఇంకా దూరం జరిగిపోయాయి, జెట్టీ ఎండిన ఉప్పు నేలమీద ఉంటుంది. సరస్సులోకి రావాల్సిన నదుల నీళ్లని పొలాలకీ ఊళ్లకీ మళ్లించుకోవడం దానికి పెద్ద కారణం. 2022లో మట్టం రికార్డు స్థాయికి పడిపోయింది. కట్టినప్పుడు ఎవడూ ఈ లెక్క అనుకోలేదు, యాభై ఏళ్లలో అదే నీటిమట్టం కొలిచే బద్ద అయి కూర్చుంది. ఏ కాగితమూ అక్కర్లేదు, ఫోటోలు వరసగా పెడితే చాలు.

పాతరేడియో
అంతా మంచిగనే ఉంది గానీ నాదొక ప్రశ్న. గదే బ్యాచ్‌ల మైకేల్ హైజర్ అని ఉన్నడు కదా. 1969ల నెవాడాల ఎడారి గట్టును డైనమైట్ పెట్టి, బుల్డోజర్ పెట్టి 2,40,000 టన్నుల రాయి తవ్విపోసిండు. డబుల్ నెగెటివ్ అని పేరు. రెండు పెద్ద కందకాలు, అంతే. గదే పని కాంట్రాక్టర్ చేస్తే నేరమాయె, ఈయన చేస్తే ఆర్టాయె? గిదేం లెక్క?

మూడో_బెంచీ
కాంట్రాక్టర్ తవ్వితే కనీసం రోడ్డు పడుతుంది

సుత్తీ_ఉలీ
పాతరేడియో అన్నా, అది మాత్రం నేనూ సమర్థించలేను. ఆ తరానికి నేల అంటే పెద్ద సైజు కాన్వాసు. అదే మనిషి 1970లో మొదలెట్టి 2022 దాకా నెవాడాలోనే సిటీ అని ఇంకోటి కట్టాడు, మైలున్నర పొడవు. చూస్తే నోరు తెరుచుకుంటుంది నిజమే, ఒక మనిషికి అంత నేల ఎందుకు అని కూడా అనిపిస్తుంది. తర్వాత తరం చాలావరకు తవ్వడం మానేసింది, ఉన్నదాన్ని చూపించడం మొదలెట్టింది.

నిద్రరాని_పిల్లి
కదిలినవాళ్లున్నారా అని కదా అడిగింది. నేను ఉన్నా. 2018 డిసెంబర్‌లో లండన్‌లో పనిమీద ఉన్నా, టేట్ మోడర్న్ మ్యూజియం ముందు నదిపక్కన ఐసు గడ్డలు పెట్టారని తెలిసి అటు వెళ్లా. ఓలఫర్ ఎలియాసన్ అనే ఆర్టిస్టూ, మినిక్ రోసింగ్ అనే జియాలజిస్టూ కలిసి చేసిన ఐస్ వాచ్. గ్రీన్లాండ్‌లో మంచుపలక నుంచి విరిగి సముద్రపాయలో తేలుతున్న గడ్డల్ని పట్టి తెచ్చారు, అక్కడ 24, ఊళ్లో ఇంకోచోట 6.

ఫోటోల్లో చూస్తే ఐసే కదా అనిపిస్తుంది. దగ్గరికెళ్తే నా ఎత్తు ఉన్నాయి, కొన్ని నీలంగా కొన్ని పాలలా. గ్లవ్స్ తీసి అరచెయ్యి పెట్టా. ఫ్రిజ్ ఐసులా జారుడుగా లేదు, సన్నటి గుంటలు గుంటలుగా ఉంది. పక్కన ఒక పెద్దావిడ చెవి ఆనించి వింటోంది, నేనూ ఆనించా. చిటపటలాడుతోంది. నూనెలో ఆవాలు వేసినట్టు, కాకపోతే చాలా మెల్లగా. మంచు పడినప్పుడు పొరల మధ్య ఇరుక్కున్న గాలి, వేల ఏళ్ల కిందటిది, కరిగేకొద్దీ బుడగ పగిలి బయటికొస్తోంది. అంటే నేను పీలుస్తున్న గాల్లో అది కలుస్తోంది. ఆ ముక్క అర్థమయ్యాక చెయ్యి తీయబుద్ధి కాలేదు. తీస్తే అక్కడ నా అరచేతి ఆకారంలో పల్లం పడింది, చిన్నదే. నా వేడికే.

అంతే అన్నా. కాగితం చదవలేదు. రాత్రి నిద్ర పట్టలేదు, మామూలుగానే పట్టదనుకోండి.

పాతరేడియో
ఐసు కరుగుతున్నదని చెప్పనీకె ఐసును ఓడల, లారీల ఏసుకొచ్చి కరిగించిన్రు. మీకు నవ్వు రాదా?

నిద్రరాని_పిల్లి
వస్తుంది. వాళ్లకీ తెలుసు, రవాణాకి ఎంత కార్బన్ ఖర్చయిందో వాళ్లే లెక్క కట్టించి బయటపెట్టారు. ఆ గడ్డలు ఎలాగూ సముద్రంలో కరగాల్సినవే. అయినా మీ మాట కొట్టిపారేయను, పారిస్ క్లైమేట్ మీటింగ్ టైమ్‌లో 2015లో కూడా 12 గడ్డలు పెట్టారు, లోపల మీటింగ్‌కి విమానాల్లో వచ్చినవాళ్ల లెక్కతో పోలిస్తే ఇది ఏ మూలకి అని నాకనిపిస్తుంది.

గాలిపటం77
మన ఉత్తచేతులు చూసిన ఐసు మాత్రం పక్క వీధి ఐసు ఫ్యాక్టరీదే అని నా పందెం

ఉత్తచేతులు
దానికి తాడు కట్టి ముట్టుకోవద్దు అని బోర్డు పెట్టారు. పిల్లి గారి పోస్టు చదివాక ఇప్పుడు కోపం వస్తోంది నిజంగా

మూడో_బెంచీ
నాకు నచ్చింది ప్లాస్టిగ్లామరేట్. హవాయిలో కమీలో బీచ్ అని ఉంది, సముద్రం మోసుకొచ్చిన ప్లాస్టిక్ అంతా అక్కడే తేలుతుంది. బీచ్‌లో ఎవరో మంట వేసుకుంటే ప్లాస్టిక్ కరిగి ఇసుకనీ గవ్వల్నీ బసాల్ట్ రాళ్లనీ పట్టుకుని గట్టిపడిపోయింది. రాయి కాని రాయి. కెనడా వాళ్లిద్దరు, ప్యాట్రీషియా కోర్కొరన్ అనే జియాలజిస్టూ కెల్లీ జాజ్వాక్ అనే ఆర్టిస్టూ కలిసి వెళ్లి ఏరుకొచ్చారు. 2014లో ఆ బీచ్‌ని మొదట గమనించిన చార్లెస్ మూర్‌తో కలిపి పేపర్ రాశారు. ఒకే ముక్క ఒకావిడ టేబుల్ మీద శాంపిల్, ఇంకొకావిడ గ్యాలరీలో శిల్పం. జాజ్వాక్ దానికి ఏమీ చెయ్యలేదు, చెక్కలేదు, రంగెయ్యలేదు, ఉన్నదున్నట్టు పెట్టింది. ఒకదాంట్లో తాడు ముక్కలు బయటికి వేలాడుతూ ఉంటాయి, ఏదో లోతు చేపకి మీసాల్లా.

కోర్‌లాగర్
ఇది మా వాళ్లలో గొడవ పెట్టింది. రాయి అనొచ్చా అని. మనిషి వేసిన మంటలో పుట్టినదాన్ని శిల అనడానికి కొందరికి నోరు రాలేదు. నేనైతే అంటా. పూడిపోతే పొరలో ఉండిపోతుంది, వెయ్యేళ్ల తర్వాత ఎవడో కోర్ తీస్తే వాడు లాగ్ చెయ్యక తప్పదు. నా జాలంతా వాడి మీదే, ఏ కాలమ్‌లో రాస్తాడో.

సున్నపురాయి
ఇంతకీ ఆంత్రోపొసీన్, అదే మనిషి భూమిని మార్చిన కాలానికి పెట్టిన పేరు, రద్దు చేశారని విన్నా, నిజమేనా? అలాంటప్పుడు ఈ ఎగ్జిబిషన్లన్నీ ఎక్స్‌పైర్ అయినట్టేగా

కోర్‌లాగర్
రద్దు కాదు, అసలు ఒప్పుకోలేదు. 2000లో పాల్ క్రుట్జెన్, యూజీన్ స్టోర్మర్ అనే సైంటిస్టులు ఆ పేరు ముందుకి తెచ్చారు. 2009 నుంచి ఒక కమిటీ కూర్చుని దీన్ని జియలాజికల్ ఎపాక్‌గా రాయాలా అని తేల్చే పనిలో పడింది. మా దగ్గర కొత్త కాలం రాయాలంటే ఇదిగో ఇక్కణ్ణుంచి మొదలు అని ఒక చోట ఒక పొర మీద వేలు పెట్టి చూపించాలి. వాళ్లు 2023లో కెనడాలో క్రాఫర్డ్ లేక్ అడుగు బురదని చూపించారు. ఆ బురదలో ఏడాదికొక పొర పడుతుంది, చెట్టు వలయాల్లాగా, అందులో 1950ల దగ్గర అణుబాంబు పరీక్షల ప్లుటోనియం కనబడుతుంది. 2024 మార్చిలో దానికి పైనున్న కమిటీ ఓటేసింది, 12 మంది వద్దన్నారు, 4గురు కావాలన్నారు. వద్దన్నవాళ్లలో చాలామంది మనిషి భూమిని మార్చలేదని అనడం లేదు, ఎక్కడ మొదలు అని ఒక్క గీత గీయడం కుదరదు అంటున్నారు. అడవులు నరకడం, సాగు, వలసలు, ఇవన్నీ ఒకే రోజు మొదలవలేదు కదా.

పేరు పుస్తకాల్లోకి ఎక్కకపోయినా ప్లుటోనియం బురదలోంచి లేచి వెళ్లిపోదు.

లెక్కలమాస్టారు
12-4. మా స్టాఫ్ మీటింగుల్లో ఇంత స్పష్టంగా ఎప్పుడూ తేలలేదు.

పాతరేడియో
నాకు అసలు కోపం ఎర్ర రంగు మీద. "అది మనమే" అంటే ఎవరు మనం? జిందగీల ఇమానం ఎక్కనోడు, గని ఓనరు, ఇద్దరూ గదే అంగుళంల ఉండాల్నా? తవ్వినోడు ఒకడు, తిన్నోడు ఒకడు, దుమ్ము మింగినోడు ఇంకొకడు. రాయికి తెల్వకపోవచ్చు, ఆర్టిస్టుకు తెల్వాలె కదా.

సుత్తీ_ఉలీ
ఇది ఈ థ్రెడ్‌లో వచ్చిన మంచి పాయింట్. ఆ గనుల ఫోటోలతోనూ నాకు ఇదే ఇబ్బంది. ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ లాంటివాళ్లు పైనుంచి తీస్తారు, కంటికి అద్భుతం, కానీ అంత ఎత్తు నుంచి మనిషి చుక్క కూడా కాడు. చుక్క కానివాడికి జీతం ఎంతో, దగ్గు ఎందుకో ఎవడు అడుగుతాడు? చూపించకపోతే ఆ గని ఉందనే మనకి తెలిసేది కాదు, అదీ నిజమే. రెండు మాటలూ ఒప్పుకుంటా.

కింద నుంచి చూసిన పని కావాలంటే ప్రభాకర్ పాచ్‌పుతే బొమ్మలు వెతుకు. చంద్రపూర్ బొగ్గు గనుల వైపు మనిషి, వాళ్లింట్లో తరాలుగా గనిపనే. గోడల మీద నేరుగా బొగ్గుతో గీస్తాడు. మనుషుల తలలుండాల్సిన చోట దీపాలూ పనిముట్లూ ఉంటాయి. షో అయ్యాక గోడకి సున్నం కొట్టేస్తే బొమ్మా పోతుంది. ఇంకొకరు అమర్ కన్వర్, ఆయన 2011 సినిమా ఒకటి ఒడిశాలో తీసింది, గడ్డి ఊగుతుంది, నీళ్లు కదుల్తాయి, ఏమీ జరగదు. అందులో కనబడేదల్లా పరిశ్రమల కోసం తీసుకోబోతున్న నేలే అని తెలిశాక ఆ గడ్డి ఊగడం వేరేగా కనబడుతుంది.

కోర్‌లాగర్
చిన్న సవరణ, బొమ్మలు గీసేది కర్రబొగ్గు, గనిలో దొరికేది రాక్షసిబొగ్గు. మనకి రెండూ బొగ్గే అయ్యేసరికి కలిసిపోతాయి. కర్రబొగ్గు వయసు నెల రోజులు, చంద్రపూర్ వైపు రాక్షసిబొగ్గు వయసు పాతిక కోట్ల ఏళ్ల పైమాటే. రెండూ చెట్లే.

గాలిపటం77
రాక్షసి అని ఎవరు పెట్టారో గానీ ముందుచూపున్న మనిషి

సున్నపురాయి
కల్పం 432 కోట్ల ఏళ్లు అని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు, భూమి 454 కోట్లు, దగ్గర దగ్గరగా కొట్టారు చూశారా. ఇవన్నీ మనకి కొత్త కాదు

లెక్కలమాస్టారు
దగ్గరగా ఉండటం వేరు, కొలవడం వేరు. 22 కోట్ల తేడా అంటే అందులో డైనోసార్లు దాదాపు వచ్చి వెళ్లిపోతాయి. దయచేసి ఈ దారిలోకి వెళ్లొద్దు, పోయినసారి థ్రెడ్‌కి తాళం పడింది.

మూడో_బెంచీ
+1 తాళం వద్దు. కేటీ ప్యాటర్సన్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? 2013లో ఒక హారం చేసింది. 170 పూసలు, ఒక్కో పూసా ఒక్కో శిలాజంలోంచి గుండ్రంగా తీసింది, జీవం మొదటి ఆనవాళ్ల నుంచి వరసగా. దారం మీద కాలం. ఉత్తచేతులు చూసిన నలభై ట్రేల పని ఒక దండలో అయిపోయింది. నలభై ట్రేలు మెడలో వేసుకోలేం కదా

అంతకుముందు ఐస్‌లాండ్‌లో గ్లేసియర్ కరిగే చోట నీళ్లలో మైకు ముంచి దాన్ని ఒక ఫోన్ నంబరుకి కలిపింది. అప్పట్లో ఎవరైనా ఎక్కణ్ణుంచైనా ఫోన్ చేసి వినగలిగేవాళ్లు. రింగ్ అయ్యేది, అటువైపు గ్లేసియర్ ఎత్తేది.

గాలిపటం77
"మీరు డయల్ చేసిన గ్లేసియర్ ప్రస్తుతం అందుబాటులో లేదు"

నిద్రరాని_పిల్లి
గాలిపటం, నవ్వా గానీ తర్వాత బాధేసింది, ఎందుకలా రాస్తావు

సుత్తీ_ఉలీ
నా సొంత కేసు ఒకటి చెప్తా. జుసెప్పే పెనోనే అని ఇటలీ శిల్పి, 1981లో నది మొయ్యగా నున్నబడ్డ రాయి ఒకటి తీసుకున్నాడు, పైన కొండలో అదే జాతి రాయి తెచ్చి మొదటిదానికి అచ్చు నకలు చెక్కాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. ఏది నది చేసింది, ఏది మనిషి చేశాడు తెలీదు.

నాకు ఒళ్లు మండింది, ఇదేం గొప్ప అని. పందెం కోసం నేనూ ఒక గుండ్రాయి తెచ్చుకుని మొదలెట్టా. పైపైన ఆకారం రెండు రోజుల్లో వచ్చేసింది. అక్కడ మొదలైంది నరకం. ఆ రాయికి ఒక పక్క చిన్న పల్లం ఉంది, బొటనవేలు సరిగ్గా పడుతుంది, ఎమరీ పేపరుతో ఎంత తోమినా నాకు ఆ పల్లం రాలేదు, వస్తే లోతెక్కువైంది, లేకపోతే అంచు కరుగ్గా ఉండిపోయింది. పదిహేడు రోజులు. నది ఎక్కడా ఒత్తి తోమలేదు, ఎక్కడా ఆపలేదు, అది నా చేతికి రాదు. నేను కుదురుగా తోమాలని చూస్తే భుజం అలిసిన చోట ఒత్తిడి మారిపోయేది, అది రాయి మీద కనబడుతోంది. సగంలో వదిలేశా. రెండు రాళ్లూ ఇంకా నా బల్లమీదే ఉన్నాయి, కళ్లు మూసుకుని పట్టుకున్నా నాది ఏదో చెప్పేస్తా. డీప్ టైమ్ అంటే ఏంటో నాకు అర్థమైంది ఆ బొటనవేలి పల్లం దగ్గరే.

ఉత్తచేతులు
ఇది... బాగుంది. అంటే మీరంతా చెప్పేది ఒకటే, ముట్టుకున్నవాళ్లకే తగిలింది. పిల్లి గారు చెయ్యి పెట్టారు, మీరు పదిహేడు రోజులు తోమారు. నాకు తాడూ బోర్డూ ఇచ్చారు.

మూడో_బెంచీ
అలా అని రూల్ పెట్టకు. ట్రెవర్ పాగ్లెన్ ట్రినిటీ క్యూబ్ అని ఒకటి చేశాడు, ఫుకుషిమాలో రేడియేషన్ సోకిన పగిలిన గాజూ, 1945 జులై 16న మొదటి అణుబాంబు పేలినప్పుడు ఎడారి ఇసుక కరిగి ఏర్పడ్డ గాజూ కలిపి ఒక దిమ్మ. దాన్ని తీసుకెళ్లి మనుషులు వెళ్లకూడని ఫుకుషిమా జోన్‌లోనే పెట్టాడు. ముట్టుకోవడం కాదు అప్పుడు చూడ్డానికే వీల్లేదు. నాకు అదే గుచ్చుకుంది

కోర్‌లాగర్
అదీ కరెక్టే. కానీ కోర్ బాక్సుల విషయంలో మాత్రం నాకు ఇందాకట్నుంచీ ఒకటి నములుతోంది. "అన్నీ బూడిద రంగే" అన్నావు. ఎండు కోర్ చాలావరకు బూడిద రంగుగానే కనబడుతుంది బ్రదర్! మేం దగ్గర స్ప్రే బాటిల్ లేకుండా కూర్చోం. నీళ్లు కొట్టామా, ఆకుపచ్చా ఎరుపూ, సన్నగీతలూ, గవ్వలూ అన్నీ ఒక్కసారిగా పైకొస్తాయి, ఓ నిమిషంలో ఆరిపోయి మళ్లీ బూడిద. ఆ ఆర్టిస్టు 200 మీటర్ల కోర్ తెచ్చి పొడిగా పెట్టాడు! పాట పెట్టి సౌండ్ ఆపేసినట్టుంది. పక్క గదిలో ఐసు కరిగి నీళ్లు వృథాగా పోతున్నాయి, ఇక్కడ రాళ్లు ఎండిపోతున్నాయి, ఆ రెండు గదులకీ మధ్య ఒక గొట్టం వేస్తే అయిపోయేది.

సుత్తీ_ఉలీ
ఆ గొట్టం ఐడియా ఎవడైనా కొట్టేసేలోపు నువ్వే చేసేయ్.

గాలిపటం77
స్ప్రే బాటిల్ లేనప్పుడు జియాలజిస్టులు రాయి నాకుతారని విన్నా, నిజమేనా

కోర్‌లాగర్
నిజమే. సిల్టా (ఒండ్రు) క్లేనా (బంకమట్టి) తేలకపోతే పంటికింద వేసి కూడా చూస్తాం, కరకరలాడితే సిల్టు. గనుల దగ్గర మాత్రం నాకొద్దు, అందులో ఏముంటుందో తెలీదు.

లెక్కలమాస్టారు
ఈ వృత్తి మీద గౌరవం ఇప్పుడే అటూఇటూ అయింది.

ఉత్తచేతులు
అప్‌డేట్. నిన్న మళ్లీ వెళ్లా. ఒక్కణ్ణే.

నంబర్లు చూశా. తలుపు దగ్గరి ట్రే మీద 198 చిల్లర ఉంది, ఎర్ర ముక్క దగ్గర 0. కోర్‌లాగర్ చెప్పినట్టు తిరగేసే పేర్చాడు. అంటే లోపలికి అడుగు పెట్టగానే మనం 198 మీటర్ల లోతున ఉన్నట్టు, నడుస్తూ పైకొస్తున్నట్టు. పోయినసారి ఈ సంగతి తెలిసుంటే మోకాళ్ల నొప్పికి ఒక అర్థం ఉండేది.

హాల్లో ఎవరూ లేరనుకుని బొటనవేలు నాలికకి రాసుకుని ఒక ముక్క మీద తుడిచా. ఒట్టు, కింద ఇంకో రాయి ఉన్నట్టు కనబడింది. ముదురాకుపచ్చ, అందులో తెల్ల గీతలు, దారాల్లా. ఆరిపోయింది. మళ్లీ తుడిచా. మూడోసారి తుడుస్తుంటే వెనకనుంచి "సార్" అని. మాప్ ఆయన.

నా పని అయిపోయిందనుకున్నా. ఆయన అటూ ఇటూ చూసి మెల్లగా, "అది కాదు సార్, 31వ ట్రే చూడండి" అన్నాడు. రోజూ నేల తుడిచేటప్పుడు నీళ్లు చింది ట్రేలకి తగుల్తాయట, ఏ ట్రే తడిస్తే ఏం కనబడుతుందో ఆయనకి మొత్తం తెలుసు. మాప్ అంచుతో 31లో మూడో వరస అలా తాకించాడు. చిన్న చిప్ప, గోరంత, మధ్యకి కోసినట్టు తెల్లగా వంపు. రాయిలో కొడవలి గీసినట్టుంది. ఇద్దరం అది ఆరేదాకా వంగి చూశాం. ఆయన ఇంకోసారి తాకించాడు.

గాలిపటం77
మొదటి రిప్లై ఎవరిదో అందరూ ఒకసారి పైకెళ్లి చూసుకోండి. ఇంకేం మాట్లాడను

నిద్రరాని_పిల్లి
31వ ట్రే 😭

కోర్‌లాగర్
ఆగు ఆగు. ఆ చిప్ప ఉబ్బు ఎటువైపు ఉంది? తలుపు వైపా, ఎర్ర ముక్క వైపా?

ఉత్తచేతులు
తలుపు వైపు అనుకుంటా. అవును, తలుపు వైపే. ఎందుకు?

కోర్‌లాగర్
నీటి ప్రవాహంలో చిప్పలు బోర్లా పడి నిలబడతాయి, గిన్నె బోర్లించినట్టు, ఉబ్బు పైకి. వెల్లకిలా ఉంటే నీళ్లు తిరగేసేస్తాయి. ఆ హాల్లో పైకి అంటే ఎర్ర ముక్క వైపు. నీ చిప్ప ఉబ్బు తలుపు వైపు ఉందంటే ఆ ముక్కని ట్రేలో పెట్టేటప్పుడు తలకిందులుగా పెట్టుండాలి, లేదా నీళ్లు కదలని చోట అలాగే మునిగిపోయుండాలి, లేదా బురదలో ఏ పురుగో దాన్ని కదిపుండాలి. ఒక్క చిప్ప చూసి చెప్పలేం. అదే వరసలో ఇంకో నాలుగైనా చూడాలి.

ఉత్తచేతులు
షో ఆదివారం దాకా ఉంది. ఆయన డ్యూటీ పొద్దున పదింటికట, అప్పుడే తుడుస్తాడు

గాలిపటం77
ఈసారి నాలిక వాడకు